తీన్‌మూర్తిలో మూడో సిపాయి మన హైదరాబాద్ వాడే

మండపేట: మన వైపు నుంచి ఢిల్లీ చూడ్డానికి వెళ్లినవాళ్లు ఎర్రకోట, జామా మసీదు, ఇండియా గేట్ తప్పకుండా చూస్తారు. టైముంటే నెహ్రూ గారు ఉన్న తీన్‌మూర్తి భవన్‌కీ వెళ్తారు. ఆ భవనం ముందు చౌరస్తాలో రాతి స్తంభం చుట్టూ మూడు కంచు విగ్రహాలు నిలబడి ఉంటాయి. భవనానికి ‘తీన్‌మూర్తి’ అనే పేరు వాటివల్లే వచ్చింది. ఆ ముగ్గురూ రాజులు కాదు, నాయకులు కాదు. మూడు సంస్థానాల గుర్రపు దళాలకు గుర్తుగా పెట్టిన సిపాయిలు. ఒకరు జోధ్‌పూర్, ఒకరు మైసూర్, మూడో ఆయన హైదరాబాద్.

స్మారకం ఎప్పటిది?

దీన్ని 1922లో నిలబెట్టారు. శిల్పి లియోనార్డ్ జెన్నింగ్స్. వెనకున్న భవనం 1930లో బ్రిటిష్ సర్వసేనాని నివాసంగా తయారైంది. అంటే ఇంటికంటే విగ్రహాలే ముందు వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో సినాయ్, పాలస్తీనా, సిరియా ప్రాంతాల్లో ప్రాణాలు పోగొట్టుకున్న 15వ ఇంపీరియల్ సర్వీస్ అశ్వదళ బ్రిగేడ్ సైనికుల జ్ఞాపకంగా దీన్ని కట్టారు.

హైదరాబాద్ లాన్సర్స్ ఎవరు?

లాన్సర్ అంటే బల్లెం పట్టిన గుర్రపు సిపాయి. మన భాషలో చెప్పాలంటే రిసాలా సవారు. 1887లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ సరిహద్దు రక్షణ కోసం బ్రిటిష్ వారికి 60 లక్షల రూపాయలు ఇస్తానన్నారు. ఆ మాట నుంచి మొదలైన ఆలోచన 1889 నాటికి ఒక పథకంగా మారింది. సంస్థానాలే సొంత ఖర్చుతో దళాలను పెంచాలి, యుద్ధం వస్తే సామ్రాజ్యానికి పంపాలి. అలా తయారైనవే ఇంపీరియల్ సర్వీస్ దళాలు. జీతం, గుర్రం, దాణా అన్నీ సంస్థానం ఖజానా నుంచే. హైదరాబాద్ లాన్సర్స్‌లో ఎక్కువమంది ముస్లింలు.

ఖలీఫా మీదికి యుద్ధం

1914 నవంబరులో టర్కీ యుద్ధంలోకి దిగింది. టర్కీ సుల్తాన్ అప్పుడు ఖలీఫా కూడా. ఇస్తాంబుల్ నుంచి జిహాద్ ఫత్వా వెలువడింది. ఇటు హైదరాబాద్‌లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, ముస్లింలు బ్రిటిష్ ప్రభుత్వానికి విధేయులుగానే ఉండాలని ప్రకటించారు. ఇంటి దగ్గర జుమా ఖుత్బాలో ఖలీఫా కోసం దువా విని పెరిగిన సిపాయి, ఇప్పుడు ఆ ఖలీఫా సైన్యానికే ఎదురు నిలబడాలి. ఆ సవార్ల మనసులో ఏముందో ఏ రాయి మీదా రాసి లేదు. కానీ వాళ్లు వెళ్లారు. 1915 ఫిబ్రవరిలో టర్కీ సైన్యం సూయజ్ కాలువ మీద దాడి చేసినప్పుడు ఈ బ్రిగేడ్ అక్కడే ఉంది. తర్వాత సినాయ్ ఎడారి, గాజా, జోర్డాన్ లోయ. ఎండ, నీటి కరువు, మలేరియా మధ్య ఏళ్ల తరబడి కాపలా, గస్తీ.

హైఫా రోజు ఏం జరిగింది?

1918 సెప్టెంబరు 23న ఇదే బ్రిగేడ్ హైఫా పట్టణాన్ని గెలుచుకుంది. మెషిన్ గన్లకు ఎదురుగా గుర్రాల మీద బల్లేలతో దూసుకెళ్లారు. ముందుండి నడిపిన జోధ్‌పూర్ మేజర్ దల్‌పత్ సింగ్ అక్కడే చనిపోయారు. మైసూర్ దళం కార్మెల్ కొండ మీది తుపాకులను పట్టుకుంది. 1,350 మంది శత్రు సైనికులు బందీలయ్యారు.

ఆ దాడిలో హైదరాబాద్ దళం లేదు. ముస్లింలు కాబట్టే వాళ్లను పక్కనపెట్టి ఖైదీల కాపలా ఇచ్చారని ఒక మాట చాలాచోట్ల వినిపిస్తుంది. ఆ మాట దగ్గర కొంచెం ఆగాలి. జోధ్‌పూర్ లాన్సర్స్‌లో కాయంఖానీ ముస్లింలు ఉన్నారు, మైసూర్ లాన్సర్స్‌లోనూ ముస్లింలు ఉన్నారు. హైదరాబాద్ సవార్లు కూడా 1915 నుంచీ టర్కీ సైన్యానికి ఎదురుగానే ఉన్నారు. కాబట్టి మతం ఒక్కటే కారణం అనడం సరిపోదు.

పేరు మారింది, లెక్క కుదించుకుంది

2018 జనవరిలో ఇజ్రాయెల్ ప్రధాని వచ్చినప్పుడు ఈ కూడలికి ‘తీన్‌మూర్తి హైఫా చౌక్’ అని పేరు పెట్టారు. మన సైనికుల్ని గుర్తుచేసుకోవడం మంచిదే. కానీ స్మారకం ఒక్క రోజుది కాదు, నాలుగేళ్ల యుద్ధానిది. హైఫా పేరు ఒక్కటే మిగిలితే, ఆ రోజు అక్కడ లేని మూడో సిపాయి ఎందుకు నిలబడ్డాడో చూసేవాడికి అర్థం కాదు.

గుర్తుంచుకునేవాళ్లు ఉండటం, లేకపోవడం కూడా ఇక్కడ ముఖ్యం. జోధ్‌పూర్, మైసూర్ దళాల వారసత్వం 1953లో మొదలైన 61వ కావల్రీకి దక్కింది. ఆ రెజిమెంట్ ఏటా హైఫా దినం జరుపుతుంది. హైదరాబాద్ సంస్థాన సైన్యం మాత్రం 1948 పోలీస్ యాక్షన్ తర్వాత దాదాపుగా రద్దయిపోయింది. ఆ దళం పేరు ఇప్పుడు హైదరాబాద్‌లో మాసాబ్ ట్యాంక్ దగ్గర ఒక మొహల్లాకు మిగిలింది: ఫస్ట్ లాన్సర్. ఆటో ఎక్కి ‘ఫస్ట్ లాన్సర్ పోనియ్యి భాయ్’ అంటాం గానీ, లాన్సర్ అంటే ఎవరని అడగం.

మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా?

మన గోదావరి జిల్లాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి, కాబట్టి ఇక్కడివాళ్లు నిజాం దళంలో కాక బ్రిటిష్ సైన్యంలో చేరేవారు. దాదా, నానా వాళ్ల నాన్న మిలిటరీలో ఉండి తిరిగి రాలేదని ఇంట్లో అనుకుంటే, కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. ఈజిప్ట్, పాలస్తీనా వైపు చనిపోయిన సుమారు 4,000 మంది భారతీయుల పేర్లతో కైరో దగ్గర హీలియోపోలిస్‌లో ఒక స్మారకం ఉంది. సూయజ్ దగ్గర పోర్ట్ తౌఫీక్‌లో ఉన్న పాత స్మారకం అరబ్-ఇజ్రాయెల్ యుద్ధాల్లో దెబ్బతినడంతో, 1980లో ఇది కట్టారు.

వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. అప్పటి గుమాస్తాలు మన పేర్లను ఇంగ్లీషులో తోచినట్టు రాశారు. ముహమ్మద్ అని వెతికితే దొరక్కపోతే మహోమెద్ అని, షేక్ అని దొరక్కపోతే షైక్ అని, స్పెల్లింగు మార్చి మార్చి చూడండి. ముందుగా ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి రెజిమెంట్ పేరు, ఊరి పేరు అడిగి రాసుకోండి. పాత పెన్షన్ కాగితం, పతకం ఏదైనా ఉంటే ఫోటో తీసి పెట్టుకోండి. కాగితం పోయినా కనీసం ఫోటో మిగులుతుంది.