చెరువు కింది ఊరు: అంబత్తూరు గ్రామ చరిత్రకు కొన్ని ఆధారాలు

ఇంగ్లండులో ఎంత చిన్న పల్లెకైనా చరిత్ర రాసిపెట్టుకోవడం పాత అలవాటు. 1086 నాటి డూమ్స్‌డే లెక్కల్లోనే నాగళ్లు, మరలు, పచ్చికబీళ్లు ఊరి వారీగా ఎక్కాయి. 1899లో మొదలైన విక్టోరియా కౌంటీ హిస్టరీ ఆ పనిని ఇప్పటికీ సాగిస్తోంది. మనకూ అటువంటి సంపద ఉంది. కల్నల్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులూ వారి తోటివారూ సేకరించిన కైఫీయతుల్లో, అంటే ఊళ్ల వృత్తాంతాల్లో, పొలిమేరలు, చెరువులు, గుళ్లు, మాన్యాలు కనిపిస్తాయి. చెన్నైకి వాయవ్యాన ఉన్న అంబత్తూరును ఆ కైఫీయతుల చూపుతో చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. పారిశ్రామికవాడగా పేరుపడ్డ ఈ ఊరు మొదట చెరువు కింది గ్రామం. అది మరిస్తే దాని నేటి కష్టమూ అర్థం కాదని నా వాదన.

ఉత్తరాన కొసస్థలైయారు, దక్షిణాన కూవం. నడుమ ఉన్న ఈ మైదానంలో సేద్యానికి వానే దిక్కు, వానను నిలుపుకోవడానికి చెరువే దిక్కు. చెంగల్పట్టు సీమలో చాలా పల్లెలది ఇదే కథ. అంబత్తూరు చెరువు నిండి పొర్లితే నీరు తూర్పున కొరట్టూరు చెరువుకు చేరుతుంది. మన రైతులు గొలుసుకట్టు అనేది దీన్నే. తమిళులకు ఏరి, మనకు చెరువు. అయితే నీళ్లు వదిలేచోటు వాళ్లకు తూంబు, మనకు తూము. నీరు పొర్లిపోయే అలుగును వాళ్లు కలింగు అంటే నెల్లూరు రైతు కలుజు అంటాడు. ఈ పోలికలు కాకతాళీయం కాదు. 1816లో దక్షిణాది భాషల బంధుత్వాన్ని తెలుగు ఆధారంగా నిరూపించిన ఎల్లిస్ అప్పట్లో మద్రాసు కలెక్టరు. ఈ సీమ మిరాసీ (వంశపారంపర్య భూమి) హక్కుల మీద రాసిందీ ఆయనే. మాటనూ మన్నునూ విడదీయకుండా చూసిన ఆ పద్ధతి గ్రామ చరిత్రకారుడికి ఈనాటికీ పనికొస్తుంది.

108 శక్తి స్థలాల్లో ఇది 51వ ఊరనీ, ఆ తమిళ అంకె నుంచే అంబత్తూరు అనే పేరు వచ్చిందనీ స్థానిక ఐతిహ్యం. పేరును చూసి కథ అల్లుకున్నట్టే నాకు తోస్తుంది. చరిత్రగా దీన్ని ఒప్పుకోలేం గానీ, ఊరి జ్ఞాపకంగా నమోదు చేయక తప్పదు.

1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు నడిచిన దక్షిణాది తొలి ప్రయాణికుల రైలు అంబత్తూరు మీదుగానే వెళ్లింది. తిరుపతి వెళ్లే రోడ్డూ ఇటుగానే పోతుంది. దారి ఉన్నచోటికి కర్మాగారం వచ్చింది. 1949లో మురుగప్ప కుటుంబం బర్మింగ్‌హామ్‌కు చెందిన ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌తో కలిసి టీఐ సైకిల్స్ స్థాపించింది. మన పల్లెల్లో పాల క్యాన్లు మోసిన హెర్క్యులిస్ సైకిలు పేరు పుట్టింది బర్మింగ్‌హామ్‌లో, బండి తయారైంది అంబత్తూరులో. ఆ ఆంగ్ల సంస్థ అధిపతి సర్ ఐవన్ స్టెడ్‌ఫోర్డ్ పేరుతో ఇక్కడ ఆసుపత్రి కూడా ఉంది. 1959లో డన్‌లప్ టైర్ల కర్మాగారం, 1964లో ప్రభుత్వ పారిశ్రామికవాడ వచ్చాయి. వెయ్యి ఎకరాలకు పైగా విస్తరించిన ఆ వాడతో ఊరి ముఖమే మారిపోయింది. 2011 జనగణన నాటికి మునిసిపాలిటీ జనాభా 4,66,205. అదే ఏడు ఊరు చెన్నై కార్పొరేషన్‌లో కలిసింది.

పేరూ పాలనా మారినా నేల వాలు మారలేదు. పొర్లునీరు పోవలసిన కాలువల వెంట మురుగూ, కర్మాగారాల వ్యర్థాలూ కొరట్టూరు చెరువుకు చేరాయి. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. దీన్ని కాలుష్య సమస్య అని మాత్రమే అనడం చాలదు. గొలుసుకట్టును మరిచిన ఊరికి జరిగిన నష్టం ఇది.

తూముల పేర్లు, ఆయకట్టు హద్దులు, కాలువల పాత దారులు తెలిసిన వృద్ధులు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. చెన్నైలోని తెలుగు, తమిళ చరిత్ర విద్యార్థులు కలిసి ఒక్క వేసవి వాళ్ల దగ్గర కూర్చుని అంబత్తూరు కైఫీయతు రాయాలని నా మనవి.