ఎప్పటికీ ఉంచుకునే పాటలు ఏవి? 1977లో ఏరిన 27 పాటల కథ

పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

మొన్న హాస్టల్లో మావాడి ఫోన్ మెమరీ నిండిపోయింది. పాత రాక్ ఆల్బమ్‌లలో ఏవి ఉంచాలి, ఏవి తీసెయ్యాలి అని అర్ధరాత్రి దాకా వాదులాడుకున్నాం. పింక్ ఫ్లాయిడ్ ఉండాల్సిందే అని ఒకడు, లెడ్ జెప్పెలిన్ అని ఇంకొకడు. ఇదే పని ఒకసారి భూమి మొత్తం తరఫున జరిగింది.

1977 ఆగస్టు 20న ఒకటి, సెప్టెంబరు 5న ఒకటి, నాసా రెండు వాయేజర్ నౌకల్ని అంతరిక్షంలోకి పంపింది. రెండింటికీ బంగారు పూత వేసిన రాగి రికార్డు చెరొకటి బిగించారు. ఎప్పుడో ఎవరికైనా దొరికితే మన భూమి గొంతు వింటారని. కార్ల్ సేగన్ బృందం పాటలు ఏరింది. సంగీతానికి దొరికింది సుమారు 90 నిమిషాలే. అందులో 27 పట్టాయి. ఇవి కాక 55 భాషల్లో పలకరింపులు పెట్టారు. అందులో తెలుగు ఉంది. రాజస్థానీ కూడా ఉంది, అది మన లంబాడీల గోర్‌బోలికి దగ్గరి చుట్టం.

మరి రాక్? ఒక్కటంటే ఒక్కటి, చక్ బెర్రీ 1958 నాటి 'జానీ బి. గూడ్'. జానపద గీతాలు సేకరించే ఆలన్ లోమాక్స్ ఇది కుర్రతనం పాట అని అడ్డం చెప్పాడు. భూమ్మీద కుర్రోళ్ళు కూడా బోలెడుమంది ఉన్నారు కదా అన్నాడట సేగన్. భారతదేశానికీ ఒక్కటే దక్కింది, కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి.

అసలు విషయం ఇక్కడుంది. బాక్, బీథోవెన్‌ల పక్కనే ఆదివాసులూ ఉన్నారు. అమెరికా నవాహోలు, ఆఫ్రికా ఇటూరి అడవిలోని ంబూటీలు, ఆస్ట్రేలియా మూలవాసులు. పెరూ కొండల్లోని ఒక అమ్మాయి పెళ్లిపాట కూడా ఉంది. చిన్న వయసులోనే పెళ్లి చేశారని ఆమె బాధపడుతూ పాడుతుంది. అది చదివాక నాకు మా తండాలో అత్తారింటికి పోతూ ఏడుస్తూ పాడే ఢావ్లో గుర్తొచ్చింది.

ఆ పెరూ పాట ఎలా చేరింది? 1964లో జాన్ కోహెన్ అనే ఆయన ఆ ఊరికెళ్ళి టేపు మీద పట్టుకున్నాడు కాబట్టి. ముందు ఎవరో ఒకరు పట్టుకోని పాట ఎంత గొప్పదైనా ఏరేవాళ్ళ ముందుకే రాదు.

మా నాయనమ్మ మిరపకాయల కోతలకు పోయినప్పుడు కల్లం దగ్గర రాత్రిళ్ళు పాడేది. గోర్‌బోలికి సొంత లిపి లేదు, కాబట్టి ఆ పాటలు ఆమె నోట్లోనే ఉండేవి. నా దగ్గర ఫోను ఉండి కూడా ఒక్కటీ రికార్డు చేయలేదు. ఆమె పోయింది, పాటలూ పోయాయి. ఈ తప్పు నాదే.

అందుకే అడుగుతున్నా. మాచర్ల, వినుకొండ తండాల వాళ్ళు తీజ్ పాటలు, ఢావ్లో. యర్రగొండపాలెం, దోర్నాల చెంచు గూడేల వాళ్ళు మీ పెద్దోళ్ళ పాటలు. ఎరుకల, యానాది తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మీవి. ఈ సెలవుల్లో ఇంటికొకటి పట్టుకురండి. పాడేవాళ్ళను అడిగి, ఒప్పుకుంటేనే చేయండి. పేరు, ఊరు, తారీఖు చెప్పించండి. రెండు చోట్ల దాచండి.

నేనైతే ఒక ఆల్బమ్ తీసేశాను. అది మళ్ళీ ఎక్కడైనా దొరుకుతుంది. ఆ ఖాళీలో ఆదివారం మా యాడి పాట ఎక్కిస్తా.