కోరుట్ల నుంచి దుబాయికి నిమిషం ఎంత?

కోరుట్లలోని మా ఫోన్ బూత్‌కు శుక్రవారమే సంత. గల్ఫులో అప్పట్లో అది సెలవు రోజు. అక్కడి మనిషి పొద్దున లేచి, వారం బట్టలు ఉతుక్కుని, కూర వండుకుని, టెలిఫోన్ డబ్బా ముందు లైన్లో నిలబడేసరికి ఇక్కడ మధ్యాహ్నం దాటేది. దుబాయి మనకంటే గంటన్నర వెనక, సౌదీ రెండున్నర గంటలు వెనక. చదువురాని ఆడవాళ్లకు కూడా మా వాడకట్టులో ఈ లెక్క నోటికొచ్చు. ఫోను మోగేది. "మా అవ్వను పిలువన్నా, పది నిమిషాలకు మళ్ల జేస్త" అని ఒక్క మాట, టక్కున కట్. నేను పిల్లవాణ్ణి సైకిల్ మీద తోలేవాణ్ణి. పిలుచుకొచ్చినందుకు ఐదు రూపాయలు. బిడ్డ సీరియస్‌గా ఉందని ఫోనొస్తే ఆ ఐదు కూడా తీసుకునేవాణ్ణి కాదు.

ఆ బూత్ నాకు 1992లో వికలాంగుల కోటాలో వచ్చింది. ఎడమ కాలికి చిన్నప్పుడే పోలియో. మా వైపు మగవాళ్ల బతుకుదెరువును మూడు మాటల్లో చెప్తారు: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. ఈ మూడింటికీ పనికిరాని మనిషిని నేను. కానీ ఆ ముగ్గురి మాటా నా దుకాణంలో నుంచే పోయింది, పదిహేడేళ్లు.

పసుపు బోర్డు మీద ఎస్టీడీ, ఐఎస్డీ, పీసీవో అని నల్ల అక్షరాలు. లోపల అద్దాల గూడు, దాంట్లో ఒక స్టూలు, తిరిగీ తిరగని చిన్న ఫ్యాను. గూడు తలుపు పైన ఎర్ర అంకెల మీటరు. దానికి జత నా బల్ల మీద బిల్లు కొట్టే మిషను. గోడకు పెద్ద అట్ట మీద దేశాల కోడ్లు నేనే రాసి పెట్టుకున్నాను: యూఏఈ 971, సౌదీ 966, కువైట్ 965, ఒమన్ 968, బహ్రెయిన్ 973, ఖతర్ 974. అమెరికా నంబరు అడిగేవాళ్లు ఏడాదికి ఒకరిద్దరుంటే గొప్ప.

హైదరాబాద్‌కు చేస్తే యూనిట్ నింపాదిగా పడేది. రాత్రి 11 దాటితే పావు రేటు కాబట్టి ఆ వేళకు మా అరుగు మీద జనం కిటకిటలాడేవారు, ఒకరిద్దరు దుప్పటి కూడా తెచ్చుకునేవారు. దుబాయి కలిపితే మాత్రం ఆ అంకెలు పరుగే. సెకను దాటీ దాటకముందే ఒక యూనిట్. తొంభైల్లో నిమిషానికి యాభై రూపాయల పైమాటే. మా ఊళ్లో అప్పుడు రోజంతా కూర్చుని వెయ్యి బీడీలు చుట్టిన ఆడమనిషి కూలి ఆ ఒక్క నిమిషానికి చాలదు.

అందుకే చిట్టీలు. ఏం మాట్లాడాలో ఇంటి దగ్గరే పిల్లలతో రాయించుకుని వచ్చేవాళ్లు. "ఎడ్లు అమ్మినం. చెల్లె లగ్గం మాఘంల. బోరు ఎండింది. పైసలు ముట్టినయ్." చదవడం రాని వాళ్లు నా చేతికి ఇచ్చేవారు, నేను అద్దం అవతల నుంచి ఒక్కొక్కటే గుర్తు చేసేవాణ్ణి. మా వాడకట్టు పెద్దమ్మ ఒకామె వారం వారం చిట్టీ తెచ్చేది, ఒక్కసారి కూడా వాడలేదు. కొడుకు గొంతు వినగానే ఏడుపు. అవతల అతనూ ఏడుపే. మీటరు తిరుగుతూనే ఉండేది. "అవ్వా, ఏడిస్తే కూడ బిల్లు పడ్తది" అని నేనంటే, కండ్లు తుడుచుకుని నా వైపు చూసి, "ఏడిస్తే సగం రేటు పెట్టరాదు బిడ్డా" అనేది. ఆ తర్వాత చిట్టీని బొడ్లో దోపుకుని, ముడి విప్పి నోట్లు లెక్కపెట్టేది.

ఇంత రేటు ఎందుకని నన్ను అడగని మనిషి లేడు. సముద్రం అడుగున తీగ వేయడమంటే మాటలా అని సర్ది చెప్పేవాణ్ణి. నేనూ అదే నమ్మాను. అది తప్పని, రిటైరైన టెలికం ఇంజనీరు ఒకాయన సాయంత్రాలు మా బూత్ దగ్గర చాయ్ తాగుతూ విడమరిచి చెప్పాడు.

మనకూ గల్ఫుకూ మధ్య తీగ నిన్న మొన్నటిది కాదట. 1864లోనే బ్రిటిష్ వాళ్లు కరాచీ నుంచి గ్వాదర్ మీదుగా గల్ఫు కొసన ఉన్న ఫావ్ దాకా సముద్రంలో టెలిగ్రాఫ్ తీగ వేశారు. ఆ దారిన లండన్‌కు తంతి ఇవ్వాలంటే 1865లో ఇరవై మాటలకు 5 పౌన్లు. తీగ ఖర్చు ఒక్కటే ఐతే అంత కాదు. ఏ రాజ్యం గుండా పోతే ఆ రాజ్యం తన గడప దాటినందుకు వాటా వేసుకునేది. ఈ వాటాల పంచాయితీ తెంపడానికే అదే 1865లో పారిస్‌లో ఇరవై దేశాలు కూర్చుని అంతర్జాతీయ టెలిగ్రాఫ్ యూనియన్ పెట్టుకున్నాయి. ఇప్పుడు ఐటీయూ అంటున్నది దాన్నే. టెలిఫోన్ వచ్చాక కూడా పద్ధతి మారలేదు. కాల్ ఎత్తే దేశం, దించే దేశం ఒక రేటు మాట్లాడుకుని, దాన్ని చెరి సగం చేసుకునేవి. ఎటు నుంచి కాల్స్ ఎక్కువ పోతే ఆ దేశం ఏడాది చివర అవతలి దేశానికి తేడా కట్టేది. గల్ఫు నుంచి మనకొచ్చే కాల్స్ ఎక్కువ, మనం చేసేవి తక్కువ. అంటే దుబాయి జెబెల్ అలీలో ఎర్రటి ఎండలో డబ్బా ముందు నిలబడ్డ మా ఊరి మనిషి చిల్లర వేసిన ప్రతిసారీ అందులో కొంత ఢిల్లీకి డాలర్లుగా ముట్టేది. రేటు తగ్గించమని ఢిల్లీ ఎందుకు అడుగుతుంది?

"మనూరు, దుబాయి దూరానికి కాదయ్యా నువ్వు పైసలు వసూలు చేసేది, గడపకు" అన్నాడాయన.

అది నిజమని తర్వాత కళ్లారా చూశాను. 1997లో ముంబైకీ, దుబాయి పక్కన ఫుజైరాకూ ఫ్లాగ్ అనే కొత్త కేబుల్ వచ్చింది. బొచ్చెడు కాల్స్ ఒకేసారి మోసే గాజు తీగ. నా మీటరు మాత్రం పెద్దగా మారలేదు. దేశం బయటికి పోయే ప్రతి మాటా ఒక్క ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ చేతిలోనే ఉండేది. 2002 ఏప్రిల్‌లో ఆ గుత్తాధిపత్యం పోయింది, ఇంటర్నెట్ ద్వారా మాట్లాడటానికీ అప్పుడే ఒప్పుకున్నారు. ఆ తర్వాత రేటు ఎట్లా పడిందంటే, నా గోడ మీద రేట్ల కాగితం మార్చి మార్చి గమ్ము సీసా అయిపోయింది. తీగ వచ్చినందుకు తగ్గని రేటు, గడప దగ్గర రెండో మనిషి నిలబడగానే తగ్గింది.

బూత్‌కు రెండేళ్ల ముందటి సంగతి ఒకటి చెప్పాలి. మా అన్న కువైట్‌లో తాపీ పని చేసేవాడు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. ఫోను లేదు, ఉత్తరం లేదు. అంతకుముందు నెలకో క్యాసెట్ వచ్చేది, మాటలు రికార్డు చేసి ఊరికొచ్చే వాళ్లతో పంపేవాడు. అవ్వ ఆ పాత క్యాసెట్నే వేయించుకుని వేయించుకుని టేపు నలిగిపోయింది. ఆ ఏడాది ఎయిర్ ఇండియా అక్కడివాళ్లను జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి లక్ష మందికి పైగా తీసుకొచ్చింది. అందులో మా అన్న ఒకడు. బొంబాయిలో దిగి కోరుట్లలో ఒక బట్టల షాపుకు ట్రంకాల్ బుక్ చేశాడు. లైట్నింగ్ కాల్ ఐతే వెంటనే కలుస్తుంది, కానీ మామూలు దానికి ఎనిమిది రెట్లు. జేబులో ఉన్నది రైలు టికెట్‌కు సరి. ఆర్డినరీ బుక్ చేసి ఆరు గంటలు బెంచీ మీద కూర్చున్నాడు. కాల్ కలిసేసరికి షాపు మూసేశారు. మర్నాడు కాక ఆ మర్నాడు మనిషే ఇంటి ముందు నిలబడ్డాడు. "ఫోన్ జేసిన" అని మొదటి మాట, ఎవరో తనను అబద్ధమాడావన్నట్టు.

సెల్‌ఫోన్ కథ అందరికీ తెలిసిందే, త్వరగా దాటేస్తాను. 1995 జూలై 31న కలకత్తాలో ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో టెలికం మంత్రి సుఖ్‌రామ్ మాట్లాడుకున్నది మన దేశంలో మొదటి సెల్ కాల్. అప్పట్లో నిమిషానికి పదహారు రూపాయల దాకా, వచ్చిన కాల్‌కు కూడా రుసుము. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమైంది. మా ఊళ్లో ఆ ఏడాది మిస్డ్ కాల్ భాష పుట్టింది. మా ఇంట్లో ఒక రింగు అంటే క్షేమంగా చేరాను అని. రెండు రింగులంటే నువ్వు చెయ్యి. మూడంటే ఎత్తు, అవసరం. ఎవరూ ఏమీ ఖర్చు పెట్టకుండా అంత సమాచారం పోయేది. 2009లో నేను మీటరు తీగ పీకేసి రీచార్జి, జిరాక్స్ పెట్టుకున్నాను.

ఇక నాకు తగిలిన దెబ్బ. 2013లో నా కొడుకు దుబాయి రమ్మన్నాడు. జీవితమంతా దుబాయి కాల్స్ అమ్మిన మనిషిని, దుబాయి చూడలేదు. నా నంబరుకు పోస్ట్‌పెయిడ్‌లో ఇంటర్నేషనల్ రోమింగ్ పెట్టించుకుని విమానమెక్కాను. మొదటి రోజే గదిలో ఫోను ఎక్కడో పెట్టి మర్చిపోయాను. కొడుకు తన లోకల్ సిమ్ నుంచి రింగిచ్చాడు. దిండు కింద మోగింది. నేనేమో ఎత్తి, "దొరికింది" అన్నాను.

ఆ "దొరికింది" ఎంత దూరం పోయి వచ్చిందో తర్వాత అర్థమైంది. నా నంబరు ఇండియాది. వాడి కాల్ ముందు దుబాయి నుంచి ఇండియాకు పోయింది. అక్కడి కంపెనీ నేను దుబాయిలో ఉన్నానని తన రికార్డులో చూసుకుని మళ్లీ దుబాయికి తోసింది. మంచానికీ మంచానికీ మధ్య నాలుగడుగులు. మాట సముద్రం రెండుసార్లు దాటింది. పోయిన దారికి వాడు కట్టాడు, వచ్చిన దారికి నేను కట్టాను.

వారం రోజుల్లో మాట్లాడింది 11 నిమిషాలు. ఊరికొచ్చాక బిల్లు ఇరవై వేలు దాటింది. అందులో సింహభాగం ఇంటర్నెట్‌ది. పది కేబీకి ఐదున్నర రూపాయలు. వినడానికి చిల్లర డబ్బులే. ఎంబీ లెక్కన చూస్తే 563 రూపాయలు. నా ఫోను జేబులో కూర్చుని తనంతట తాను 34 ఎంబీ తాగింది, నేను తెరిచింది కూడా లేదు. కంపెనీ ఆఫీసుకు పోతే కౌంటర్లో పిల్లవాడు, "మీరే కదా సార్ యాక్టివేట్ చేయించుకున్నది" అన్నాడు. వాడి మాటలో తప్పు లేదు. పదిహేడేళ్లు నేను కూడా అద్దం అవతల నుంచి అలాగే చెప్పాను.

కానీ నా దగ్గర ఎర్ర అంకెలు ఎదురుగా కనిపించేవి. పెద్దమ్మ ఏడుస్తూ కూడా వాటి మీద ఒక కన్ను వేసి ఉంచేది. రోమింగ్‌లో మీటరు ఇంట్లో ఉంటుంది, మనిషి ఊళ్లో ఉండడు.

రోమింగ్ కథ కూడా నా బూత్ వయసుదే. 1992లో టెలికం ఫిన్లాండ్, బ్రిటన్ వోడాఫోన్ కలిసి మొదటి అంతర్జాతీయ రోమింగ్ ఒప్పందం చేసుకున్నాయి. పోయిన దేశపు కంపెనీ మనం వాడింది రాసుకుని మన కంపెనీకి పంపుతుంది. మన కంపెనీ దానిపైన తన లాభం వేసి మనకు పంపుతుంది. వ్యాపారిగా చూస్తే ఎంత హాయైన బేరమో నాకు తెలుసు. అక్కడి కంపెనీకి నేను కస్టమర్ని కాను, కాబట్టి రేటు తగ్గించాల్సిన భయం లేదు. ఇక్కడ సిమ్ కొనేటప్పుడు దుబాయి రోమింగ్ ఎంత అని అడిగేవాడు వెయ్యిలో ఒకడుండడు, కాబట్టి వీళ్లకూ భయం లేదు. మన టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్లు దేశం లోపల రోమింగ్‌కు ముక్కుతాడు వేయగలిగారు. దుబాయి కంపెనీ ఎంత వసూలు చేయాలో మాత్రం ట్రాయ్ చెప్పలేదు.

గడపకు రెండు వైపులా అధికారం ఉన్నవాడు పూనుకుంటేనే ఈ పని ఐతది. యూరప్‌లో అలా పూనుకున్నారు. లక్సెంబర్గ్ మనిషి వివియన్ రెడింగ్ యూరోపియన్ కమిషన్‌లో టెలికం చూస్తున్నప్పుడు, 2007లో రోమింగ్‌కు మొదటిసారి పైకప్పు వేశారు: చేస్తే నిమిషానికి 49 సెంట్లు, ఎత్తితే 24 సెంట్లు మించకూడదు, పైన పన్ను. 2010లో డేటా బిల్లు 50 యూరోలకు చేరగానే దానంతట అదే ఆగేలా కట్టడి పెట్టారు. నా ఎర్ర అంకెల మీటరును తిరిగి తెచ్చినట్టే. 2017 జూన్ 15 నుంచి ఆ దేశాల మధ్య వేరే రుసుమే లేదు. అక్కడ అన్ని దేశాల మీదా ఒకే చట్టం నడుస్తుంది కాబట్టి కుదిరింది. కోరుట్లకూ దుబాయికీ కలిపి చట్టం చేసే సభ ఏదీ?

మావాళ్లు సభ కోసం ఆగలేదు. చలాకీగా గడప పక్కన కన్నం వేసుకున్నారు. కాలింగ్ కార్డులు గీకారు, తర్వాత ఇమో అనే యాప్. యూఏఈలో వాట్సాప్ కాల్ నడవదు, రాత మాత్రం పోతుంది. కాల్‌కు బోటిమ్ అనే యాప్ అట. ఇప్పుడు నా కోడలు వంట చేస్తూ ఫోను గోడకు ఆనించి పెడుతుంది, అవతల కొడుకు రూములో బియ్యం కడుగుతుంటాడు. అరగంట ఇద్దరూ ఒక్క మాట మాట్లాడరు. బిల్లేమీ పడదు.

2019లో మళ్లీ పోయాను, ఈసారీ నేనొక్కణ్ణే. మా ఆమెకు మోకాళ్ల నొప్పి. దుబాయిలో దిగగానే కొడుకు చెప్పినట్టు లోకల్ సిమ్ వేసుకున్నాను. ఇంటికి వాట్సాప్‌లో రాయి బాపూ, ఊరికే పోతుంది అన్నాడు వాడు. రాశాను. కానీ ఆమె చదవదు. ట్రాలీ పక్కకు నెట్టి, 0091 కొట్టి ఇంటి నంబరు కలిపాను. ఒక రింగు వెళ్లగానే కట్ చేశాను. వాడు నవ్వాడు.

ఊరికి తిరిగొచ్చాక అడిగాను, ఆ రోజు చూసినవా అని. "ఎత్తలేదు గద" అంది.