పేరులేని అస్థికలు: సయాం–బర్మా రైలుమార్గంలో తెలుగు కూలీల స్మృతి

పోలెండులోని సోబిబోర్ హత్యాశిబిరంలో 1943 అక్టోబరులో ఖైదీలు తిరగబడగా, నాజీలు దానిని నేలమట్టం చేసి చెట్లు నాటారు. 2007లో ఆరంభమైన తవ్వకాలలో విషవాయు గదుల పునాదులతోపాటు ఒక ఆమ్‌స్టర్‌డామ్ బాలిక పేరున్న లోహపు బిళ్ళ బయటపడింది.

అదే అక్టోబరులో జపాను సైన్యం 415 కిలోమీటర్ల సయాం–బర్మా రైలుమార్గాన్ని పూర్తిచేసింది. మలయా తోటలనుండి తరలించిన కూలీలలో తమిళులేగాక, గోదావరి, విశాఖ జిల్లాలనుండి వలసవెళ్ళిన కుటుంబాల తెలుగువారూ ఉన్నారు. ఇది జాతినిర్మూలన శిబిరం కాదు. అయినా స్మృతికి సంబంధించిన ప్రశ్న ఒక్కటే. కాంచనబురిలో దాదాపు 7 వేల యుద్ధఖైదీల సమాధులుండగా, చాలావాటిపై పేర్లున్నాయి. 1990లో అక్కడికి సమీపంలోని చెరకుతోటలో దొరికిన, ఆసియా కూలీలవిగా భావిస్తున్న అస్థికలకు పేర్లు లేవు.

సైనికునికి జాబితా ఉంది, కూలీకి లేదు. తవ్వకం ఎముకలను చూపగలదు. పేర్లకు ఆధారం కుటుంబాల నోటిమాటే. మలేసియా తెలుగువారి మౌఖిక కథనాల సేకరణ మన పరిశోధనకు తక్షణ కర్తవ్యం.