గాలపు కర్రకు వెదురు ఎంపిక: పొదలో ఏ బొంగు కొట్టాలి, ఏది వదలాలి

పొలం గట్టునో, బావి దగ్గరో, ఇంటి వెనుకో వెదురు పొదలున్న రైతులు గాలపు కర్ర కోసం ఏటా ఒకటి రెండు బొంగులు కొట్టుకోవడం మామూలే. ఎక్కువమంది పొద అంచున నిటారుగా, నున్నగా, పచ్చగా కనిపించే బొంగునే నరుకుతారు. అది ఆ ఏడాదో, కిందటేడో వచ్చిన లేత బొంగు. ఎండాక ముడుచుకుపోయి చీలుతుంది, కొద్ది నెలల్లోనే పుచ్చు పడుతుంది. కర్రతో పాటు పొదకూ నష్టమే. కొత్త పిలకలు ఎక్కువగా ఏడాది, రెండేళ్ల వయసు బొంగుల దుంపల నుంచే వస్తాయి. వాటిని తీసేస్తూ పోతే పొద ఏటికేడు బలహీనపడుతుంది. కాబట్టి కర్రకు పనికొచ్చేది, పొదకు హాని లేకుండా తీయగలిగేది ఒకటే: మూడేళ్లు నిండిన బొంగు.

ఏ రకం వెదురు

మన ప్రాంతంలో గాలపు కర్రకు మొదట చూడాల్సింది సాధన వెదురు. శాస్త్రీయంగా డెండ్రోకలామస్ స్ట్రిక్టస్ అంటారు. లాఠీలకు వాడేది ఇదే. గోడ మందంగా ఉంటుంది, మెట్ట నేలల్లో పెరిగితే లోపల దాదాపు బోలు లేకుండా గట్టిగా వస్తుంది. ఇదే వెదురును నీరు, ఎరువు బాగా అందే చోట వేస్తే బొంగు లావెక్కి లోపల బోలు పెరుగుతుంది. గాలపు కర్ర వరకు మాత్రం రాళ్ల గట్టున, ఎర్ర నేలలో పెరిగిన పొదే మేలు.

ముళ్ల వెదురు ప్రధాన బొంగు చాలా లావు, బరువు. నిచ్చెనలకు, పందిళ్లకు బాగుంటుంది కానీ చేత్తో గంటల తరబడి పట్టుకోవడానికి కాదు. బాల్కోవా రకమూ అంతే. కొన్నేళ్లుగా చాలామంది రైతులు దాన్ని తోటగా వేస్తున్నారు, దాని నుంచి గాలపు కర్ర కోసం వెతకడం దండగ.

పూత పూసిన పొద జోలికి వెళ్లవద్దు. వెదురు చాలా ఏళ్లకు ఒకసారి పూసి, గింజ పట్టాక పొద మొత్తం ఎండిపోతుంది. అలాంటి బొంగు చూడటానికి బాగానే ఉన్నా పెళుసుగా ఉంటుంది.

వయసు గుర్తించడం

చాలామంది పొరపడేది ఇక్కడే. వెదురు బొంగు మొలిచిన రెండు మూడు నెలల్లోనే తన పూర్తి ఎత్తు, పూర్తి లావు తెచ్చుకుంటుంది. ఆ తర్వాత ఇక లావెక్కదు, నార మాత్రమే లోలోపల గట్టిపడుతూ వస్తుంది. అందుకే లావును బట్టి వయసు చెప్పలేం. సన్నటి బొంగు ముదురుదీ కావచ్చు, లావుది నిన్నటిదీ కావచ్చు.

ఏడాది లోపు బొంగుకు కణుపుల దగ్గర గోధుమ రంగు తొడుగులు ఇంకా అంటుకుని ఉంటాయి. పైన తెల్లటి పొడి ఉంటుంది, వేలితో రాస్తే వస్తుంది. కొమ్మలు తక్కువ. రెండో ఏడు తొడుగులు రాలిపోతాయి, రంగు నిగనిగలాడుతూ ఉంటుంది. ఎక్కువమందిని మోసం చేసేది ఈ రెండో ఏటి బొంగే. మూడు, నాలుగేళ్లకు ఆ మెరుపు పోయి పచ్చదనం మసకబారుతుంది, అక్కడక్కడా బూడిద రంగు మచ్చలు వస్తాయి, పై కణుపుల్లో కొమ్మలు గుబురుగా ఉంటాయి. కొడవలి వెనుక భాగంతో తడితే లేతదానికి బొద్దుగా, ముదురుదానికి ఖంగుమని శబ్దం వస్తుంది. ఆరేడేళ్లు దాటినది పసుపు తిరిగి, పొడిబారి ఉంటుంది. దాన్ని పొయ్యికి వాడుకోండి.

ఈ గుర్తులన్నీ వెతుక్కోకుండా సులువైన పని ఒకటుంది. ఏటా వర్షాలు తగ్గాక ఆ ఏడాది వచ్చిన బొంగులన్నిటికీ నడుము ఎత్తులో ఒక చుక్క రంగు వేయండి. ఒక్కో ఏడాదికి ఒక్కో రంగు. నాలుగో ఏడు నుంచి ఎవరినీ అడగనక్కర్లేదు. వెదురు అమ్ముకునేవారికి ఇది మరీ ఉపయోగం.

కొట్టే కాలం, కొట్టే తీరు

జూన్ నుంచి సెప్టెంబరు వరకు పిలకలు వచ్చే కాలం. అప్పుడు పొదలోకి దిగితే లేత పిలకలు కాళ్ల కింద విరిగిపోతాయి. అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి లోపు కొట్టుకోవాలి. పుచ్చు పురుగుకు ఆహారం బొంగులోని పిండి పదార్థం. అమావాస్య ముందు కొడితే పుచ్చదని కొందరు పెద్దలు చెబుతారు. తిథి పాటించేవారు పాటించవచ్చు కానీ, అంతకంటే బొంగు వయసు, కొట్టే నెల ముఖ్యం.

ముదురు బొంగులు పొద మధ్యలో ఉంటాయి కాబట్టి ఒక పక్క నుంచి దారి చేసుకుని లోపలికి వెళ్లాలి. నేల నుంచి మొదటి లేదా రెండో కణుపుకు సరిగ్గా పైన కోయాలి. కణుపుకు పైన గిన్నెలా మిగిలితే నీరు నిలిచి మోడు కుళ్లుతుంది. కొమ్మలను చేత్తో లాగి విరచకూడదు, పై తోలు చీలుతుంది. పదునైన కత్తితో కణుపుకు సమంగా కోయాలి.

కర్రగా సరిపోతుందా?

పది, పన్నెండు అడుగుల పొడవు చాలు. పిడి దగ్గర అంగుళం నుంచి అంగుళంపావు లావు, కొన పెన్సిల్ మందం కంటే కాస్త సన్నగా ఉండాలి. పరిగెలు, గురకల వంటి చిన్న చేపలకు ఇంకా సన్నటిదైనా సరిపోతుంది. కొర్రమీను కోసమైతే కొన మరీ సన్నగా ఉండకూడదు. గడ్డి, తూడులోంచి దాన్ని ఒక్క ఊపులో పైకి తీయాలి.

కొన వైపు నుంచి ఒక కన్ను మూసి బారు చూడండి. నెమ్మదిగా ఒకవైపు వంగిన బొంగును సరిచేయవచ్చు. కణుపు దగ్గర మోకాలిలా తిరిగినది వదిలేయండి. కణుపులు దగ్గర దగ్గరగా ఉన్నది బలం. చిన్న గుండ్రటి రంధ్రం, దాని కింద పిండిలాంటి పొడి కనిపిస్తే పురుగు లోపలే ఉన్నట్టు.

ఆరాక చేయాల్సిన పరీక్ష ఇది. పిడిని బల్లకు గట్టిగా కట్టి, కొనకు అర కిలో బరువు వేలాడదీయండి. వంపు కొన నుంచి నడుము వరకు విల్లులా సాఫీగా రావాలి. ఒకే చోట మడత పడినట్టు వంగితే చేప పడిన రోజు అక్కడే విరుగుతుంది. బొంగును కొద్ది కొద్దిగా తిప్పుతూ ఇదే పరీక్ష చేస్తే ఒక వైపు తక్కువగా వంగడం గమనిస్తారు. అదే దాని గట్టి వైపు. సుద్దతో గుర్తు పెట్టుకుని, చేపను ఎత్తేటప్పుడు బరువు ఆ వైపే పడేలా తంగూసు కట్టుకోండి.

ఆరబెట్టడం

పచ్చి బొంగును ఎండలో పడేస్తే చీలుతుంది. నీడలో, గాలి తగిలే చోట, కొన పైకి కట్టి పిడి వైపు ఒక ఇటుక వేలాడదీస్తే చాలావరకు దానంతటదే సాగుతుంది. రెండు, మూడు నెలలు పడుతుంది. ఆరబెట్టే ముందు రెండు, మూడు వారాలు కాలువ నీటిలో ముంచితే పిండి పదార్థం కొంత కరిగిపోయి పుచ్చు తగ్గుతుంది. ఎక్కువ కర్రలు చేసేవారు వంద లీటర్ల నీటికి మూడు కిలోల బోరాక్స్, రెండు కిలోల బోరిక్ ఆమ్లం కలిపి వారం, పది రోజులు నానబెట్టవచ్చు. ఆ నీటిని చెరువులో పోయకూడదు. పొలానికి తెచ్చిన పురుగు మందులో ముంచడం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. అదే కర్ర పట్టుకున్న చేత్తో ఎరనూ చేపనూ ముట్టుకుంటారు.

వంపు తీయడానికి నిప్పుల సెగ చూపేవారు పూర్తిగా ఆరాకే చూపాలి. పచ్చిగా, బోలుగా ఉన్న బొంగులో ఆవిరి నిండి టపాకాయలా పేలుతుంది.

కొనే కర్రలు, కరెంటు తీగలు

బజారులో ఫైబర్ గ్లాస్, కార్బన్ కర్రలు దొరుకుతాయి. గ్లాస్‌ది కాస్త బరువు, మోటు వాడకానికి నిలుస్తుంది. కార్బన్‌ది తేలిక, కానీ రాయికి తగిలితే సులువుగా చిట్లుతుంది. పైగా అది కరెంటును ప్రసరింపజేస్తుంది. ఆక్వా చెరువుల గట్ల మీద మోటార్లకు, ఏరేటర్లకు తీగలు వెళ్తుంటాయి, చాలా చోట్ల కిందికి వేలాడుతూ కూడా ఉంటాయి. అక్కడ పన్నెండు అడుగుల కర్రను ఒక్కసారి పైకి ఎత్తితే చాలు. తడిసిన వెదురు, తడి తంగూసు కూడా ఆ తీగల దగ్గర భద్రం కావు. తీగ కింద గాలం వేయవద్దు, పిల్లలను వేయనివ్వవద్దు. వెదురు పొద మీదుగా తీగలు పోతుంటే లైన్‌మన్‌కు చెప్పి సరఫరా ఆపించాకే బొంగులు కొట్టండి.

2017లో భారత అటవీ చట్టానికి చేసిన సవరణతో అడవి వెలుపల పెంచుకునే వెదురును ఆ చట్టంలోని చెట్ల నిర్వచనం నుంచి తొలగించారు. అడవిలోని వెదురుకు ఇది వర్తించదు. ఊరి చెరువు మత్స్య సహకార సంఘం చేతిలో ఉంటే గాలం వేసే ముందు వారిని అడగండి.