ఆదోని దారి - గుంటూరు సర్కారు

తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలు పద్దెనిమిదో శతాబ్దంలో గుంటూరు సర్కారులో భాగం. దీనికే ముర్తుజానగర్ అని మరో పేరు. 1766 నవంబరు 12న హైదరాబాదులో నిజాం అలీఖాన్‌కూ ఈస్టిండియా కంపెనీకీ కుదిరిన ఒడంబడికతో ఉత్తర సర్కారులు కంపెనీ పరమయ్యాయి. అందుకు ప్రతిగా కంపెనీ ఏటా పేష్కష్ చెల్లించాలి. గుంటూరు ఒక్కటి మాత్రం నిజాం సోదరుడు బసాలత్ జంగ్‌కు జీవితాంతం జాగీరుగా మిగిలింది. ఆయన నివాసం దూరాన ఆదోనిలో. 1768 నాటి ఒడంబడిక కూడా ఈ షరతును మార్చలేదు.

కంపెనీకి ఈ ముక్క కంట్లో నలుసైంది. మద్రాసు నుండి మచిలీపట్నానికి భూమార్గం దీని మీదుగానే పోవాలి. అంతకుమించిన చిక్కు మరొకటుంది. బసాలత్ జంగ్ కొలువులో లాలీ అనే ఫ్రెంచి సేనాని ఉండేవాడు. అతని దళానికి మనుషులూ సామగ్రీ మోటుపల్లి రేవులో దిగేవి. కాకతీయ గణపతిదేవుడు విదేశీ వర్తకులకు అభయమిచ్చిన రేవు అదే. 1759లోనే కంపెనీ చేజిక్కించుకున్న నిజాంపట్నం ఆ తీరంలోనే ఉంది. అయినా పక్క రేవులో శత్రువు దిగుతుంటే మద్రాసు వారు చూస్తూ ఊరుకోవలసి వచ్చింది.

1778లో ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య యుద్ధం మొదలైంది. అక్టోబరులో పుదుచ్చేరి లొంగిపోయింది. మద్రాసు గవర్నరు థామస్ రంబోల్డు 1779లో బసాలత్ జంగ్‌తో నేరుగా బేరం కుదుర్చుకున్నాడు. గుంటూరును కంపెనీ కౌలుకు తీసుకుంటుంది, ఫ్రెంచివారిని ఆయన సాగనంపుతాడు, బదులుగా కంపెనీ సేన ఆదోనికి వెళుతుంది. దక్కను సుబేదారుగా పై హక్కు గల నిజాంకు తెలియకుండానే ఈ వ్యవహారం నడిచింది. పైగా అలా వచ్చిన గుంటూరును రంబోల్డు ఆర్కాటు నవాబు ముహమ్మదలీకి పదేళ్ల కౌలుకు ఇచ్చివేశాడు. ఆ నవాబుకూ నిజాంకూ, హైదర్ అలీకీ ఉన్న వైరం తెలిసినవారెవరూ చేయదగిన పని కాదది.

అసలు తగాదా దారి దగ్గర వచ్చింది. హార్పర్ నాయకత్వాన బయలుదేరిన సేన ఆదోని చేరాలంటే నిజాం భూముల మీదుగా, కడప వైపు హైదర్ ఆధీనంలోని నేల మీదుగా నడవాలి. ముందుగా ఇద్దరి అనుమతీ కోరలేదు. హైదర్ దారి ఇవ్వనన్నాడు. గుత్తి, బళ్లారి అప్పటికే ఆయనవి. ఆదోనిలో కంపెనీ సేన దిగితే అది తన గుమ్మంలో దిగినట్టే. సేన వెనుదిరిగింది. దానితో బసాలత్ జంగ్ బెదిరిపోయాడు. అటు హైదర్, ఇటు సోదరుడు. ఆయన తన గుంటూరు తనకిమ్మన్నాడు.

అదే ఏడు హైదర్ మనసు తెలుసుకోవడానికి రంబోల్డు ష్వార్జ్ అనే క్రైస్తవ మతప్రచారకుణ్ణి శ్రీరంగపట్నానికి పంపాడు. మాట తప్పిన కంపెనీపై హైదర్ ఆయనకు ఫిర్యాదులు వినిపించాడు. ఇది సహేతుకమే. 1769 ఒడంబడిక ప్రకారం పరస్పరం సహాయం చేసుకోవాలి. మరాఠాలు హైదర్‌పైకి వచ్చినప్పుడు మాత్రం మద్రాసు కదలలేదు. తన రక్షణలో ఉన్నదని ఆయన చెప్పిన మాహేను కూడా కంపెనీ 1779లో పట్టుకుంది.

హైదరాబాదుకు వెళ్లిన కంపెనీ ప్రతినిధి హాలండు, పేష్కష్ మాఫీ చేయమని కూడా అడిగాడు. నిజాంకు కోపం రాక ఏమవుతుంది? ఆయన లాలీ దళాన్ని తన కొలువులో చేర్చుకుని, హైదర్, మరాఠాల కూటమి వైపు మొగ్గాడు. 1780 జూలైలో హైదర్ కర్ణాటక ప్రాంతంపై విరుచుకుపడ్డాడు. సెప్టెంబరు 10న పొల్లిలూరులో కర్నల్ బెయిలీ సేన నాశనమైనప్పుడు లాలీ హైదర్ పక్షాన ఉన్నాడు. గుంటూరును తిరిగి ఇవ్వడంలో తాత్సారం చేసినందుకు కలకత్తా మండలి మద్రాసు గవర్నరు వైట్‌హిల్‌ను పదవి నుండి తప్పించింది. ఆ ఏడే సర్కారు బసాలత్ జంగ్‌కు తిరిగి దక్కింది.

1782లో ఆయన మరణించాడు. ఒడంబడిక ప్రకారం అప్పుడే గుంటూరు కంపెనీకి రావాలి. నిజాం ఆరేళ్లు ఆపాడు. 1788లో కెన్నవే వచ్చి అడిగి తీసుకున్నాడు. మరుసటి ఏడు జూలై 7న కారన్‌వాలీసు నిజాంకు ఉత్తరం రాశాడు. కంపెనీ పంపే సేనను తన మిత్రరాజ్యాలపై వాడరాదని అందులో షరతు పెట్టి ఆ రాజ్యాల పేర్లు వరుసగా పేర్కొన్నాడు. ఆ జాబితాలో టిప్పు సుల్తాన్ పేరు లేదు.