విసునూరు గడీ: రాయి మోసినోళ్ల వైపు నుంచి

గడీల చరిత్ర అంటే ఇన్నాళ్లూ మనకు చెప్పింది దొరల చరిత్రే. ఏ దొర కట్టించిండు, ఎన్ని గదులు, ఎంత ఎత్తు గోడ. రాయి మోసిందెవరు, సున్నం కలిపిందెవరు అన్న ప్రశ్న రాదు. మేము ఆ ప్రశ్నతోనే విసునూరు గడీని చూస్తున్నాం.

విసునూరు నిజాం కాలంలో నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. 2016 నుంచి జనగామ జిల్లాలో ఉంది. దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కింద 60 గ్రామాలు, 40 వేల ఎకరాలని చెప్తారు. ఇంత భూమి ఎట్లా వచ్చింది? దేశ్‌ముఖులు మొదట సర్కారుకు శిస్తు వసూలు చేసిపెట్టే గుత్తేదార్లు. 19వ శతాబ్దంలో సాలార్‌జంగ్ సంస్కరణలతో ఆ పని సర్కారు నౌకర్లకు పోయింది. బదులుగా వీళ్లకు రుసుం దక్కింది. సర్వే సెటిల్‌మెంటు వచ్చేనాటికి కాయిదం, కలం వాళ్ల చేతిలోనే ఉన్నయి. ఊరి భూములు వాళ్ల పేర పట్టా అయినయి. దున్నేటోడు కౌలుదారయిండు.

గడీ నడిచింది వెట్టి మీద. చాకలి బట్టలుతకాలె, కుమ్మరి కుండలియ్యాలె. మాదిగలు చెప్పులు, మోటకు తోలు సామాను ఊరికే కుట్టియ్యాలె. దళితుల ఇండ్ల నుంచి ఇంటికొక మనిషి పనికి పోవాలె. అప్పు కింద తరతరాలు జీతముండే భగేలా వేరే. 1936లో నిజాం సర్కారు భగేలా ఒప్పందాల మీద చట్టం చేసింది గాని, అది గడీ గుమ్మం దాటలేదు.

ఆ గుమ్మాన్ని కదిలించింది సంఘం. పాలకుర్తిలో ఐలమ్మ, చాకలి. 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల తూటాకు ఒరిగిన దొడ్డి కొమరయ్య, కురుమ. కింది కులాలే ముందు నిలబడ్డయి. కాని 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యాలొచ్చినంక పారిపోయిన దొరలు తిరిగొచ్చిండ్రు, సంఘం పంచిన భూములు గుంజుకున్నరు. 1950 కౌలుదారీ చట్టం కౌలుదారుకు హక్కిచ్చింది. వెట్టోడు, జీతగాడు కౌలుదారు కాదు గదా! అందుకే 1951 ఏప్రిల్ 18న అదే నల్లగొండ జిల్లా పోచంపల్లిలో దళితులు వినోబాను 80 ఎకరాలు అడగవలసి వచ్చింది.

అమెరికా దక్షిణాదిలోనూ తోటల యజమానుల మేడలను చాలాకాలం వాటి అందం కోసమే చూపించిండ్రు. 2014లో లూసియానాలో విట్నీ తోటను బానిసల చరిత్ర చెప్పే మ్యూజియంగా తెరిచిండ్రు. అక్కడ బానిస ఆస్తి కనుక యజమాని లెక్కల్లో పేరైనా ఉంది. కూలి లేని వెట్టికి లెక్క రాసే అవసరమే లేదు.

గడీలను వారసత్వ కట్టడాలుగా నిలబెట్టాలంటున్నరు. నిలబెట్టండి. అక్కడ చేసిన వెట్టిని కులం వారీగా, పని వారీగా గుమ్మం మీద రాయండి. వెట్టి చూసిన తరం వెళ్లిపోతున్నది. విద్యార్థులు, టీచర్లు ముందు తమ వాడల్లోని ముసలోళ్ల దగ్గర కూర్చోవాలె. మన కాగితం అక్కడే ఉంది.